నీడను బట్టి కచేరి

మే నెలలో రాయచూరులో ఏ సర్కారు కచేరి దగ్గరికైనా వెళ్లి చూడండి. పొద్దున పదింటికి జనమంతా భవనానికి పడమటి గోడవారన కూర్చుని ఉంటారు. పన్నెండు దాటేసరికి ఆ నీడ గోడలోకి ముడుచుకుపోతుంది. అప్పుడు లేచి, కాగితాల సంచి చంకన పెట్టుకుని, సైకిల్ స్టాండు రేకుల కిందికో జిరాక్సు కొట్టు చూరు కిందికో చేరతారు. రెండు గంటలు దాటాక తూర్పు గోడ దగ్గరికి వస్తారు. దేవదుర్గ నుంచి, మాన్వి నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చినవాళ్లు వీళ్లు. ఒకరికి పహణీ కావాలి, ఒకరికి పింఛను ఆగిపోయింది, ఇంకొకరికి కొడుకు కాలేజీ సర్టిఫికెట్ మీద సంతకం కావాలి. కచేరి లోపల వాళ్లకు పని పది నిమిషాలు. మిగిలిన రోజంతా దాని బయటే గడుస్తుంది.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ బయటి గురించే.

పాత పట్టణాలకు కొత్త ప్రాణం పోయాలని అన్ని రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పెద్ద ఎత్తున కట్టడాలు లేస్తున్నాయి. కర్ణాటకలో తాలూకా తాలూకాకూ మినీ విధానసౌధలు వచ్చాయి. తెలంగాణ సరిహద్దు దాటితే గద్వాలలో 2023లో సమీకృత కలెక్టరేటు తెరిచారు. అన్ని శాఖలూ ఒకే కప్పు కిందికి రావడం మంచిదే. రైతు నాలుగు వీధులు తిరిగే బాధ తప్పుతుంది. అయితే ప్లాను గీసే పద్ధతి మాత్రం మారలేదు. ముందు భవనం గీస్తారు, దానికో గుమ్మటం పెడతారు, మిగిలిన జాగాను కార్లకూ, పచ్చగడ్డికీ, జెండా కట్టకూ పంచుతారు. జనం ఎక్కడ ఆగుతారన్నది ప్లానులో ఉండదు. రాయచూరు లాంటి ఎండ ఊళ్లో గీయడం ఆ చివరి నుంచే మొదలుకావాలని నా గట్టి నమ్మకం. జనం ఆగే చోటు ముందు, ఆఫీసరు గది తర్వాత.

దీనికి లెక్క ఉంది. రాయచూరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే మొదటి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నాలు ఆయన మనకు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరపు కిటికీకి ఎండ తగలదని ఢిల్లీలో గీసిన ప్లానును ఇక్కడ దించితే ఆ మూడు నెలలూ ఆ కిటికీకి కూడా నీడ కావాలి. ఇక పడమటి ఎండ సంగతి వేరే చెప్పాలా? మేలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు ఇంకా 36, 37 డిగ్రీల ఎత్తున ఉంటాడు. పదడుగుల వసారా వేసి, చూరు కూడా పదడుగుల ఎత్తునే ఉంచితే ఎండ గడప దాటి లోపలికి వచ్చేస్తుంది. అదే చూరును ఏడడుగులకు దించండి. ఎండ గడప ముందే ఆగిపోతుంది. మన పాత ఇళ్లలో వంగి నడవాల్సినంత కిందికి చూరు ఎందుకు దించేవారో ఆనాటి మేస్త్రీలకు బాగా తెలుసు. ఇవాళ అద్దాల ముఖం పెట్టి, లోపల ఏసీలు బిగించి, గోడకు సౌరఫలకం తగిలించి, దీన్ని పర్యావరణ హిత భవనం అంటున్నారు. ఏసీ బయటి పెట్టె ఊదే వేడిగాలి ఎవరి మీదికి పోతుందో చూశారా? గోడవారన కూర్చున్నవాళ్ల మీదికే.

తక్కువ విద్యుత్తుతో నడిచే మంచి భవనాలు మన దగ్గర లేకపోలేదు. హైదరాబాదులో 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఆ రోజుల్లో దేశమంతా చెప్పుకున్న కట్టడం. దాన్ని చూస్తే కొత్త యంత్రాలకన్నా పాత పనితనమే ఎక్కువ కనిపిస్తుంది. జాలీ గోడలు, లోపలి ముంగిళ్లు, గాలిని చల్లబరచి లోపలికి దించే బురుజులు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశస్థుడు ఫ్రాన్సిస్ కెరె తన సొంత ఊరు గాందోలో 2001లో ఒక బడి కట్టాడు. మట్టి ఇటుకల కప్పు మీద కొంత ఎడం వదిలి, పైన రేకుల కప్పు ఎత్తి పెట్టాడు. రెండు కప్పుల మధ్య నుంచి వేడిగాలి తోసుకుపోతుంది. పిల్లలకు చల్లగా ఉంటుంది. ఆయనకు 2022లో వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. మన తాలూకా ఆఫీసుల మీద ఇప్పటికే వేస్తున్న రేకుల షెడ్డుకు ఆ ఎడం, ఆ వాలు సరిగ్గా ఇస్తే చాలు, కింద గది వేడి తగ్గుతుంది.

ఇప్పుడు రాయచూరు కోట దగ్గరికి తీసుకెళ్తాను. బస్టాండు పక్కనే కాబట్టి చాలామంది చూసే ఉంటారు. లోపలి కోట పడమటి గోడలో ఒక రాయి ఉంది. పొడవు నలభై అడుగులకు పైనే. ఒకే బండ. దాని మీద తెలుగు శాసనం. కాకతీయుల తరఫున ఈ సీమను ఏలిన గోన గన్నారెడ్డి కాలంలో, ఆయన సేనాని విఠలనాథుడు 1294లో కోట కట్టించిన సంగతి అందులో ఉంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ శాసనం పక్కన గోడ మీద చెక్కిన బొమ్మ. ఆ బండను బండి మీద ఎక్కించి దున్నపోతుల బారు లాగుతూ ఉంటుంది. చక్రాల దగ్గర మనుషులు గడకర్రలు పెట్టి ఎగదోస్తూ ఉంటారు. రాజు పేరు పక్కనే, రాయి మోసుకొచ్చిన పశువులకూ కూలీలకూ కూడా చోటిచ్చిన కట్టడం ఇది. సర్కారు సొమ్ముతో కట్టేది ఏదైనా ఎవరి చెమటతో లేచిందో గోడ మీద ఇలా కనిపించాలని నాకు కోరిక. శిలాఫలకం మీద మంత్రిగారి పేరుతో పాటు మేస్త్రీ పేరు కూడా ఉంటే ఎంత బాగుంటుంది!

బండ లాగడం రాయచూరులో ఇప్పటికీ ఉంది. ఏరువాక పున్నమికి, అక్కడి మాటలో కారహుణ్ణిమకు, మున్నూరుకాపు సమాజం ముంగారు సాంస్కృతిక హబ్బ అనే పండుగ చేస్తుంది. ఆ సమాజంవాళ్లు తరతరాలుగా రాయచూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్లు. రాజేంద్ర గంజ్‌లో, పత్తీ ధాన్యమూ అమ్ముడయ్యే మార్కెట్ యార్డులో, ఎద్దుల జతలు ఒకటిన్నర టన్నుల బండ, రెండు టన్నుల బండ, రెండున్నర టన్నుల బండ లాగుతాయి. కర్ణాటక నుంచే కాక ఆంధ్ర, తెలంగాణల నుంచి కూడా జతలు వస్తాయి. కన్నడమూ తెలుగూ ఉర్దూ కలిసి వినిపించే కేకలు. వేల మంది జనం.

ఆ గంజ్‌ను ఎవరూ 'పబ్లిక్ ప్లాజా' అని గీయలేదు. అయినా ఊరికి అంతకన్నా మంచి చౌకు లేదు. ఎందుకో చూడండి. నడుమ విశాలమైన ఖాళీ నేల, లారీలు తిరిగేంత. చుట్టూ దుకాణాల వరస, వాటి ముందు లోతైన చూరు. సంతకు వచ్చిన రైతు ధాన్యం కుప్ప దగ్గరే నీడలో కూర్చోగలడు. టీ దొరుకుతుంది. హమాలీలు మధ్యాహ్నం గోనెసంచుల మీద నడుం వాల్చగలరు. మిగిలిన రోజుల్లో వ్యాపారం, పండుగనాడు ఎద్దుల పందెం. చౌకు అంటే ఇదే. నగరసభలు కోట్లు పెట్టి రంగు టైల్స్ పరిచి, స్టీలు బెంచీలు బిగించి, ఫౌంటెన్ పెట్టి, చుట్టూ ఇనుప కంచె వేసి, సాయంత్రం ఆరింటికి తాళం వేసే చోటుకు జనం రారు. మేలో ఆ స్టీలు బెంచీ మీద చెయ్యి పెట్టి చూడండి, ఎందుకు రారో తెలుస్తుంది. ఎండలో నల్ల తారూ సిమెంటు టైలూ 55, 60 డిగ్రీల దాకా కాగుతాయి.

నేల గురించి ఇంకొంచెం చెప్పాలి. రాయచూరు చుట్టూ చాలా భాగం నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. దాని మీద కాంక్రీటు పోసి టైలు అతికిస్తే రెండో ఏడాదికే లేచిపోతుంది. దానికి విరుగుడు కూడా ఈ సీమలోనే ఉంది. రేగడిని కొంత లోతు తీసేసి, మొరం నింపి దిమ్మిస కొట్టి, పైన ఇసుక పరిచి, కలబురగి జిల్లా నుంచి వచ్చే షాబాదు బండలు పరవడం. బండల మధ్య సందుల్లో సిమెంటు వేయకూడదు. నేల కదిలితే బండ కదులుతుంది, పగలదు. ఎక్కడైనా పల్లమైతే తీసి మళ్లీ పరచుకోవచ్చు. ఏ కేబులో పైపో వేయాలన్నా రోడ్డు పగలగొట్టే యంత్రం అక్కర్లేదు, గునపం చాలు. యాభై ఏళ్ల తర్వాత కూడా అదే బండ ఇంకో చోట పనికొస్తుంది.

గోడలకు ఇటుక దూరం నుంచి తేనక్కర్లేదు. సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే శక్తినగర్‌లో 1720 మెగావాట్ల రాయచూరు థర్మల్ కేంద్రం ఉంది. మన బొగ్గులో మూడోవంతుకు పైగా బూడిదే. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల కట్టడాలకు బూడిద ఇటుక వాడాలని కేంద్రం 1999లోనే ఉత్తర్వు తెచ్చింది. బట్టీ కాల్చే కట్టెలు, బొగ్గు మిగులుతాయి. సారవంతమైన మట్టి పొలంలోనే ఉంటుంది. రాయచూరులో కట్టే సర్కారు గోడకు మట్టి ఇటుక వాడారంటే, కారణం కాగితం మీద రాసి చూపించాలి.

నీటి మాటకొస్తే, రాయచూరుకు రెండు పక్కలా రెండు మహానదులు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. అయినా జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. వాన ఏడాదికి 600 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. తక్కువే. కానీ వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఆ వాన పడితే ఆరు లక్షల లీటర్లు. ఆవిరికీ మొదటి వాన కడుగుడుకూ ఐదో వంతు తీసేసినా దాదాపు ఐదు లక్షల లీటర్లు మిగులుతాయి. అందరూ ఇంకుడు గుంత తవ్వమంటారు. నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు; ఆ పొర దాటి కింద మొరం తగిలేదాకా తవ్వకపోతే గుంత దోమల గుంతే అవుతుంది. అందుకే ఇక్కడ నేలకింద తొట్టి కట్టి నిలవ చేయడమే మేలని నేనంటాను. వడగట్టి శుద్ధి చేస్తే, ఎండలో ఆగినవాళ్లకు ఫ్లోరైడ్ లేని మంచినీళ్లు అక్కడే దొరుకుతాయి. ముంగిట్లో వంద మొక్కలు నాటి, ఒక్కోదానికి వారానికి నలభై లీటర్ల చొప్పున ఇరవై వారాల ఎండాకాలానికి పోసినా ఎనభై వేల లీటర్లే ఖర్చు. కప్పు తన ముంగిటిని తానే పెంచుకోగలదు.

ఏ మొక్కలు అన్నది కూడా ముఖ్యమే. పూలు చూసి మోజుపడి విదేశీ చెట్లు నాటుతున్నారు. తాటిచెట్టులా నిలువుగా పెరిగేవాటిని దారి పొడవునా వరసగా పెడుతున్నారు. ఫొటోలో బాగుంటాయి, నీడ మాత్రం కాలిబొటనవేలికి కూడా రాదు. వేప, కానుగ, చింత, రావి నాటండి. కానుగ మండు వేసవికి కొత్త చిగురుతో నిండుగా ఉంటుంది. చుట్టూ రచ్చకట్ట కడితే అదే బెంచీ, అదే వేచి ఉండే గది. కట్ట మాత్రం మొదలుకు బిగించి సిమెంటు చేయకుండా, వేరు పీల్చుకునేంత మట్టి వదలాలి.

ఇంకా పెద్ద ప్రశ్న, ఇదంతా ఎక్కడ కట్టాలన్నది. ఈ మధ్య అలవాటు ఏమిటంటే, ఊరికి దూరంగా సర్కారు భూమి చూసి అక్కడ కొత్త భవనం లేపడం. భూమి సులువుగా దొరుకుతుంది నిజమే. కానీ బస్సు దిగినవాడికి ఇంకో ఆటో ఖర్చు. ఊరి నడుమ పాత కచేరి మూతపడి, దాని ముందు అర్జీలు రాసిచ్చేవాళ్లు, స్టాంపు కాగితాల వాళ్లు, హోటలు వాళ్లు చెల్లాచెదురు. ఊరికి కొత్త ప్రాణం పోస్తామని బయల్దేరి ఊరి నడిబొడ్డును ఖాళీ చేస్తున్నాం. ఉన్న భవనాన్ని బాగుచేసి వాడుకుంటే, అప్పటికే ఖర్చైన రాయీ సున్నమూ శ్రమా వృథా కావు. హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్‌ను చూడండి. ప్లాస్టిక్ బోర్డులు, అడ్డదిడ్డంగా వేలాడే తీగలు తీసేసి, రాతిని కడిగి 2020లో తిరిగి తెరిచారు. అవే దుకాణాలు, అదే ఐస్‌క్రీమ్, ముంగిట్లో మాత్రం ఇప్పుడు సంగీత కచేరీలు జరుగుతున్నాయి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వి తీసి 2022 డిసెంబరులో జనానికి అప్పగించారు. బావికి నీళ్లూ వచ్చాయి, బస్తీకి కూర్చునే చోటూ వచ్చింది.

రాయచూరుకు ఇలాంటి ఆస్తి ఎంత ఉందో! కోటకు మూడు వైపులా కందకం, దక్షిణాన కొండల వరస. 1513 నాటి ఏక్ మినార్ మసీదు. తీన్ కందిల్ దగ్గర ఇప్పటికీ కిటకిటలాడే బజారు. ఖాస్ బావి. జనం ఆమ్ తలాబ్ అనీ మావినకెరె అనీ పిలిచే చెరువు. కందకంలో చెత్త పడుతోంది, చెరువులో మురుగు కలుస్తోంది. ఊరు ఇటీవలే మహానగర పాలిక అయింది. కొత్త పాలిక కొత్త ప్లాజా కోసం జాగా వెతికే ముందు ఈ కందకాన్ని శుభ్రం చేసి, ఒడ్డున షాబాదు బండల దారి వేసి, చెట్లు నాటితే బస్టాండు నుంచి కోట మీదుగా చెరువు దాకా నీడలో నడవవచ్చు. కొలంబియాలో మెడెయీన్ నగరం ఇలాంటి పనే చేసింది. అక్కడి నీటి సరఫరా సంస్థ ఏళ్ల తరబడి కంచె వేసి ఉంచిన వాటర్ ట్యాంకుల ఆవరణలను 2014 నుంచి ఒక్కొక్కటే తెరిచి, చుట్టుపక్కల బస్తీలకు ఆటస్థలాలూ సభాస్థలాలూ చేసి ఇచ్చింది. మన ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు కింద తాళం వేసిన జాగాలు ఎన్ని లేవు?

జనం గుమిగూడే హక్కు కూడా ఇందులో ఉంది. ఎయిమ్స్ రాయచూరుకే రావాలని 2022లో మొదలైన ధర్నా మహాత్మాగాంధీ స్టేడియం ఆవరణలో షామియానా కింద ఏళ్ల తరబడి సాగింది. సర్కారుతో మాట్లాడదలచిన పౌరుడికి కచేరి ముందు నీడ ఉన్న చోటు ఉండాలి, మంచినీళ్లుండాలి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. అర్జీ పట్టుకుని వచ్చినా, జెండా పట్టుకుని వచ్చినా. కర్ణాటకలో పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాలను కాపాడే చట్టం 1985 నుంచీ ఉంది. దాన్ని వార్డు సభల్లో చదివి వినిపించాలి. ఖాళీగా కనిపించిన మైదానంలో షాపింగ్ కాంప్లెక్స్ కట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు లేచి అడగడానికి అది పనికొస్తుంది.

ఇంజనీరు మిత్రులకు ఒక్క మాట. వచ్చే కట్టడానికి ప్లాను గీసే ముందు, మే నెలలో ఒక వారం పాత కచేరి దగ్గర ఒక మనిషిని పెట్టండి. గంటగంటకూ జనం ఎక్కడ కూర్చున్నారో, ఎక్కడి నుంచి లేచారో, నీళ్ల కోసం ఎంత దూరం నడిచారో కాగితం మీద గుర్తు పెట్టమనండి. ఆ గుర్తుల మీదే వసారా, చెట్టు, కుళాయి పడాలి. ఇక టెండరు. ఇప్పుడు మొక్క నాటిన రోజే లెక్క తేలి బిల్లు పాసైపోతుంది. వచ్చే ఎండకు మొక్క ఉండదు, ఇనుప జాలీ మాత్రం మిగులుతుంది. నీడనిచ్చే చెట్టు నిలదొక్కుకోవడానికి మూడు ఎండాకాలాలు కావాలి. కాబట్టి చెట్ల పనికి విడిగా టెండరు పిలవండి. మూడో ఎండాకాలం దాటి, జూన్‌లో బతికున్న చెట్లను లెక్కపెట్టి, చెట్టుకింత అని డబ్బు ఇవ్వండి. ఆ పనిని ఊళ్లోని మహిళా స్వసహాయ సంఘాలకు అప్పగిస్తే రోజూ నీళ్లు పోసే చేతులకే ఆ డబ్బు చేరుతుంది.